సృష్టి సూచనల ముందు నిజాయితీ



భూమ్యాకాశాల సృష్టిలో, రేయింబవళ్ళ రాకపోకల్లో బుద్ధిమంతులకు సూచనలున్నాయని దివ్య ఖుర్ఆన్ (3:190, 191) తెలుపుతోంది. నిల్చున్నా, కూర్చున్నా, పడుకున్నా దైవాన్ని స్మరించేవారే ఆ సృష్టిని గురించి యోచిస్తారని కూడా అక్కడే ఉంది. అంటే స్మరణ, యోచన రెండూ ఒకే హృదయంలో ఉండవలసినవి. కాని సైన్సు చదివితే పిల్లల విశ్వాసం సడలుతుందని కొందరు తల్లిదండ్రులు భయపడతారు. విశ్వాసం ఉంటే సైన్సు అబ్బదని కొందరు యువకులు అనుకుంటారు. రెండూ అపోహలే.

జర్మనీకి చెందిన ఖగోళ శాస్త్రవేత్త యోహన్నెస్ కెప్లర్ (1571-1630) ఉదంతం చూడండి. ఆయన క్రైస్తవుడు. ఆయన మత విశ్వాసాలన్నిటితో మనం ఏకీభవించం. అయితే సృష్టికర్త విశ్వాన్ని ఒక లెక్క ప్రకారం నిర్మించాడని, ఆ లెక్కను తెలుసుకోవడం కూడా ఆయన్ను కీర్తించడమేనని ఆయన నమ్మాడు. కాంతి గురించి 1604లో ఆయన రాసిన గ్రంథం వెనుక ముస్లిం శాస్త్రవేత్త ఇబ్నుల్ హైసమ్ పరిశోధనల ప్రభావం ఉంది.

గ్రహాలు వృత్తాకారంలోనే తిరగాలన్నది గ్రీకు తత్వవేత్తల నాటి నుంచి వస్తున్న భావన. టైకో బ్రాహీ అనే శాస్త్రవేత్త వదిలి వెళ్ళిన కొలతలతో కెప్లర్ అంగారకుని మార్గాన్ని ఏళ్ళ తరబడి లెక్కించాడు. వృత్తంతో వేసిన లెక్క దాదాపు సరిపోయింది. తేడా కేవలం 8 నిమిషాల కోణం. అంటే చంద్రబింబం వెడల్పులో సుమారు నాలుగో వంతు! 'ఇంతేగా' అని సర్దిపుచ్చుకోవచ్చు. ఆయన అలా చేయలేదు. అంత నిశితంగా కొలిచిన మనిషిని దేవుడే మనకు ప్రసాదించాడని, ఆ వరాన్ని కృతజ్ఞతతో స్వీకరించాలని భావించి, తన లెక్కనే పక్కన పెట్టాడు. అంగారకుని మార్గం వృత్తం కాదు, దీర్ఘవృత్తమని 1609లో ప్రకటించాడు.

అలాంటి ఆయనే గ్రహాల మధ్య దూరాలు అయిదు ఘనాకృతుల ప్రకారం ఏర్పడ్డాయన్న తన ఊహను చివరిదాకా వదులుకోలేకపోయాడు. అది నిలబడలేదు. సృష్టిలో క్రమం ఉందన్న నమ్మకం వేరు, ఆ క్రమం ఫలానా విధంగానే ఉందన్న మన ఊహ వేరు.

హిజ్రీ 10లో దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) కుమారుడు ఇబ్రాహీం మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ఆ మరణం వల్లే గ్రహణం పట్టిందని జనం అనుకున్నారు. పుత్రశోకంలో ఉండి కూడా ఆయన ఆ మాటను సాగనివ్వలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలని, ఎవరి చావు పుట్టుకల వల్లా వాటికి గ్రహణం పట్టదని స్పష్టం చేశారు. ప్రజల్ని నమాజు వైపునకు పిలిచారు.

కనుక సోదరులారా! పత్రికలో వచ్చిన ప్రతి కొత్త సిద్ధాంతాన్నీ ఏదో ఒక ఆయత్‌కు బలవంతంగా అతికించకండి. రేపు ఆ సిద్ధాంతం మారితే, మన పిల్లలు ఆయత్‌నే శంకిస్తారు. దైవవాక్యానికి మన అబద్ధపు ఆసరా అక్కర్లేదు. పిల్లల్ని శ్రద్ధగా చదవనివ్వండి. ఉన్నది ఉన్నట్టు చెప్పడం కూడా తఖ్వాలో భాగమేనని నేర్పండి.

అల్లాహ్ మనందరికీ ప్రయోజనకరమైన జ్ఞానాన్ని, సత్యాన్ని అంగీకరించే మనసును ప్రసాదించుగాక! ఆమీన్.