గిన్నె నందించు చేయి

పాశమైలారం ఫ్యాక్టరీలలో పని ముగించిన కూలీలు కొందరు సాయంకాలమున మద్యపు దుకాణము ప్రక్కనున్న పర్మిట్ రూములో కూర్చుందురు. అచ్చట గ్లాసు లందించువాడు మన సంఘపు యువకుడే అయినయెడల, అతని కానుకను మనము పుచ్చుకొనవచ్చునా?

నెహెమ్యాయు అర్తహషస్త రాజునకు గిన్నె నందించెను గదా అని కొందరందురు. నిజమే; గాని పూర్వము గిన్నె నందించువాడు విషము కలియకుండ చూచి, రాజు ప్రాణమునకు కావలిగా నుండెను. పొరుగువానిని మత్తునిగా చేయువానికి హబక్కూకు 2:15లో శ్రమ చెప్పబడియున్నది.

1995లో ఆంధ్రప్రదేశ్‌లో మద్యనిషేధము వచ్చి, 1997లో సడలెను. ఆ రెండేండ్లు చట్టమే మనకు బదులుగా తీర్పు చెప్పెను. ఇప్పుడు మనమే చెప్పవలెను. జీతగానిని గద్దించుట సులభము. దుకాణము నడుపు కుటుంబపు పెండ్లి విందులోనో, మనము ముందు వరుసలో కూర్చుందుము!

తూలుచున్నవానికి మరియొక గ్లాసు ఇయ్యనని చెప్పి ఆ యువకుడు పని పోగొట్టుకొనినచో, అతని యింటికి బియ్యము మోసికొని పోవుటకు మనలో ఎవరు లేతురు?