పలకలు మారిన ఓడ

భాగాలన్నీ ఒక్కొక్కటిగా మారిపోయాక కూడా వస్తువు అదేనా అన్న ప్రశ్నకు తత్త్వశాస్త్రంలో ఓడ చాలా పాత ఉదాహరణ. గ్రీకు పురాణ వీరుడు థీసియస్ ఎక్కి వచ్చిన ఓడను ఏథెన్సు వాసులు తరతరాలుగా కాపాడుతూ, కుళ్లిన పలక తీసిన చోటల్లా కొత్తది బిగించేవారనీ, అది అదే ఓడ అని కొందరు, కాదని కొందరు వాదించుకునేవారనీ ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. 1655లో వెలువడిన ‘దే కోర్పోరె’లో ఇంగ్లీషు తత్త్వవేత్త హాబ్స్ దీనికి మెలిక వేశాడు. తీసేసిన పాత పలకలన్నీ దాచి, వాటినే మళ్లీ మునుపటి వరసలో కూరిస్తే రెండు ఓడలవుతాయి. వాటిలో అసలైనది ఏది?

నిజమైన ఓడ మీద ఈ ప్రశ్నను పరీక్షించడానికి కైరీనియా ఓడ అనువైనది. ఇది సుమారు 14 మీటర్ల పొడవున్న చిన్న గ్రీకు సరుకుల ఓడ. సైప్రస్ ఉత్తర తీరంలో క్రీ.పూ. 3వ శతాబ్ది తొలి దశకాల్లో మునిగింది. 1965లో ఆంద్రెయాస్ కారియోలూ అనే గజ ఈతగాడి కంటపడగా, 1967–69లో పురావస్తు శాస్త్రవేత్త మైకేల్ కాట్జెవ్ బృందం దాన్ని వెలికితీసింది. అందులో దాదాపు 400 జాడీలు ఉన్నాయి, ఎక్కువ భాగం రోడ్స్ దీవివి. వాటితో పాటు తిరగలి రాళ్లు, వేల కొద్దీ బాదం కాయలు దొరికాయి. గిన్నెలు, చెంచాలు నాలుగేసి చొప్పున ఉండటంతో ఓడ మీద నలుగురే ఉండేవారని తవ్వినవారు లెక్కగట్టారు. వలలకు కట్టే సీసపు గుండ్లు మూడు వందలకు పైగా ఉన్నాయి కాబట్టి చేపలు పట్టుకుని తినేవారు. పొయ్యి ఆనవాలు లేదు. వంట ఒడ్డుకు చేరాకే జరిగి ఉండాలి.

ఈ ఓడను కట్టిన తీరు కూడా ప్రశ్నకు సంబంధించినదే. ముందు అస్థిపంజరం నిలబెట్టి పలకలు తొడగలేదు. పలక అంచుల్లో బెజ్జాలు తొలిచి, చెక్క బిళ్లలతో ఒకదానికొకటి బిగించి ముందే ఒళ్లు కట్టారు, లోపలి కట్టెలు ఆ తర్వాత వేశారు. కాబట్టి పలకే ఓడకు ఎముకా, చర్మమూ. ఆ పలకలే పదే పదే మరమ్మతుకు వచ్చాయి. కుళ్లిన చోట కొత్త కలప అతికారు. చివరికి అడుగంతా సీసపు రేకుతో కప్పారు. మునిగేనాటికి ఇది కట్టిననాటి ఓడ కాదు. అయినా సరుకు వేసేవాడికి, నడిపేవాడికి అది నిన్నటి ఓడే.

ఈ చిక్కుకు భారతీయ దర్శనాలు చెప్పే జవాబులు వేర్వేరు. మిళింద రాజుకు రథాన్ని చూపి బౌద్ధ భిక్షువు నాగసేనుడు చెప్పినట్టు, భాగాలకు వేరుగా రథమంటూ లేదు, వాటి కూర్పుకు వాడుకగా పెట్టుకున్న పేరే అది. న్యాయ వైశేషికులు దీనికి ఒప్పుకోరు. అవయవాల్లో ఉండి, వాటికి భిన్నమైన అవయవి, అంటే మొత్తం వస్తువు, వాళ్లకు నిజం. అందుకు వాళ్లు మూల్యం చెల్లిస్తారు. ఒక్క పోగు తెగినా పాత బట్ట నశించి ఖండపటమనే కొత్త బట్ట పుడుతుంది. ఆ లెక్కన కైరీనియా ఓడ ప్రతి మరమ్మతుతో కొత్త ఓడ అయింది. ‘అదే ఇది’ అనిపించడం పోలిక వల్ల కలిగిన గుర్తింపు.

బయటికి వచ్చాక ఓడ కథ హాబ్స్ మెలికను తలపిస్తుంది. నీరు పీల్చిన కలపను పాలీ ఇథిలీన్ గ్లైకాల్‌తో నింపి, ముక్కలన్నీ కూర్చి కైరీనియా కోటలో నిలబెట్టారు. అదే కొలతలతో కట్టిన కొత్త ఓడ 1985లో నీటిలోకి దిగి, తెరచాపతో ప్రయాణించింది. కోటలోనిది పాత కలప, కానీ సరుకు మోయదు. నీటిలోకి దిగినది సరుకు మోయగలిగేది, కానీ అందులో పాత కలప లేదు. ద్రవ్యాన్ని బట్టి చూసేవారికి మొదటిది, ఆకృతినీ పనినీ బట్టి చూసేవారికి రెండోది ఓడ.

అయితే పాత ఓడ తేలుతున్న కాలంలో ద్రవ్యం, ఆకృతి అనే ఈ రెండూ విడిగా లేవు. చెడిన పలకను కనిపెట్టి, పని ఆగకుండా మార్చే చేతులు వాటిని కలిపి ఉంచాయి. ప్లూటార్క్ చెప్పిన ఓడలోనూ ఒకేసారి కాక ఒక్కొక్క పలకే మారింది. ఓడ ‘అదే’గా ఉండటం కలపకో రూపానికో ఉన్న గుణం కాదు, ఎడతెగని ఆలనాపాలనతో సాగే స్థితి. ఆ ఆలన మునకతో తెగింది, అందుకే ఇప్పుడు ఏది అసలన్న ప్రశ్నకు రెండు జవాబులున్నాయి.