అదృష్టమా? ఓపికా?



మన పేటలో ఎవరి పిల్లకైనా మంచి ఉద్యోగం వస్తే జనం ఏమంటారు? "అదృష్టవంతురాలు" అంటారు. రాకపోతే "దాని తలరాత" అంటారు. దీక్ష తీసుకున్న మన నోటి నుంచి కూడా ఈ మాటలు తెలియకుండానే వచ్చేస్తుంటాయి. గోడ మీది దేవుళ్ల పటాలు తీసేశాం గానీ నాలుక మీది తలరాత ఇంకా పోలేదు. దీని గురించి కాస్త ఆలోచిద్దాం. అందుకు ఒక ఫోటో సంగతి చెప్తాను.

నలభై దాటినవాళ్లకు 120 ఫిల్ము గుర్తుండే ఉంటుంది. ఏప్రిల్ 14న గ్రూపు ఫోటో కోసం స్టూడియో ఆయన యాషికా కెమెరా మెడలో వేసుకుని వచ్చేవాడు. తల వంచి, పైనుంచి అద్దంలోకి చూసేవాడు. రోలుకు 12 ఫోటోలే. అందుకే మబ్బు తొలిగేదాకా మమ్మల్ని ఎండలో నిలబెట్టేవాడు. ఇప్పటి ఫోనులో లాగా చూసుకుని, చెరిపేసి, మళ్లీ తీయడం కుదరదు. పడిందో లేదో ఫిల్ము కడిగాకే తెలిసేది. ఆ సైజు కెమెరాలనే మీడియం ఫార్మాట్ అంటారు. కొండలు, ఆకాశం తీసేవాళ్లు ఆ బరువును స్టాండుతో సహా మోసుకెళ్లి వెలుగు కోసం గంటలు కాచుకుంటారు. చాలాసార్లు వట్టి చేతులతో తిరిగొస్తారు.

అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్ అనే ఫోటోగ్రాఫర్ ఉండేవాడు. 1941లో ఒకరోజు న్యూ మెక్సికోలో తిరిగి తిరిగి, మంచి ఫోటో ఒక్కటీ దొరక్క కారులో వెనక్కి వస్తున్నాడు. హెర్నాండెజ్ అనే పల్లె దగ్గర కొండల మీద చంద్రుడు పైకొచ్చి ఉన్నాడు. పడమటి ఎండ సమాధుల మీది తెల్ల శిలువల మీద చివరిసారి పడుతోంది. కారు ఆపి పెద్ద కెమెరా బిగించాడు. అది మీడియం కన్నా పెద్దది, ఒక్కో షీటు మీద ఒక్కో ఫోటో. వెలుగు కొలిచే మీటరు ఎంత వెతికినా కనపడలేదు. చంద్రుడి వెలుగు ఎంతో ఆయనకు కంఠతా వచ్చు. ఆ లెక్కతోనే ఒకటి తీశాడు. రెండోది తీసేలోపే శిలువల మీది ఎండ పోయింది. ఆ ఒక్క ఫోటోయే ప్రపంచ ప్రసిద్ధమైంది. 1960లో అదే మనిషి హాసెల్‌బ్లాడ్ అనే మీడియం ఫార్మాట్ కెమెరాతో యోసెమిటీ లోయలో హాఫ్ డోమ్ కొండనూ చంద్రుణ్ణీ కలిపి తీశాడు. ఆ లోయకు ఆయన మొదటిసారి వెళ్లింది 1916లో, 14 ఏళ్ల పిల్లవాడిగా.

ఇప్పుడు చెప్పండి, హెర్నాండెజ్ ఫోటో ఎలా వచ్చింది? దేవుడిచ్చాడని ఒకరంటారు. పూర్వజన్మ పుణ్యమని ఇంకొకరు. ఏ కారణమూ లేదు, అలా తగిలిందంతేనని మూడోవారు. అంగుత్తర నికాయంలో బుద్ధుడు సరిగ్గా ఈ మూడు వాదాలనూ కాదన్నాడు. ఎందుకు? ఈ మూడింటిలో ఏది నమ్మినా, ఇది చేయాలి, ఇది చేయకూడదు అనే ఆలోచనకు చోటుండదు, ప్రయత్నానికి అర్థముండదు.

ధమ్మం చెప్పేది కారణాల కలయిక, పటిచ్చ సముప్పాదం. చంద్రుడు, ఎండ, మబ్బు, శిలువలు ఆయన చేసినవి కావు. పాతికేళ్ల సాధన, కంఠతా వచ్చిన లెక్క, ఆ రోజు దొరక్కపోయినా కళ్లు మూసుకోని అలవాటు ఆయనవి. ఈ రెండూ కలిశాయి. ఒకటి లేకపోతే రెండోది ఉన్నా ఫోటో లేదు.

మరి ఓపిక? ఈ మాట దగ్గర మనం జాగ్రత్తగా ఉండాలి. "ఓపిక పట్టండిరా, అన్నీ అవే సర్దుకుంటాయి" అని మన తాతలకు చెప్పిందెవరు? అణిచినవాళ్లే. చేతులు కట్టుకుని కూర్చోవడం ఖంతి కాదు. ద్వేషాన్ని ద్వేషంతో ఎదుర్కోకపోవడమే ఖంతి అని బాబాసాహెబ్ 'బుద్ధుడు–ఆయన ధమ్మం'లో చెప్పారు. పారమితల్లో అది ఒక్కటే లేదు, పక్కనే వీర్యం ఉంది, అధిష్ఠానం ఉంది.

ఆయన జీవితమే చూడండి. హిందువుగా చావనని యేవలాలో ప్రకటించింది 1935 అక్టోబరు 13న. నాగపూర్‌లో దీక్ష తీసుకుంది 1956 అక్టోబరు 14న. ఇరవై ఒక్క ఏళ్లు! ఆ ఏళ్లలో 'కుల నిర్మూలన' రాశారు, రాజ్యాంగ రచనకు పూనుకున్నారు, బౌద్ధాన్ని చదివారు, సిలోన్, బర్మా వెళ్లొచ్చారు, 1955లో భారతీయ బౌద్ధ మహాసభను స్థాపించారు. అదీ ఓపికంటే. దీక్ష తర్వాత ఆయన బతికింది 53 రోజులే. అంతకు ముందే ఆరోగ్యం ఆగిపోయి ఉంటే? మన చేతిలో లేనిది కూడా ఉందని ఒప్పుకోవాల్సిందే. ధమ్మం ఫలితానికి హామీపత్రం రాసివ్వదు.

అదృష్టం అన్న మాటకు అర్థం, కనపడనిది అని. ఆ పిల్ల ఉద్యోగం వెనక కనపడనివి ఏమిటి? తల్లి వంగి నాటిన నాట్లు, హాస్టలు సీటు, పోరాడి తెచ్చుకున్న రిజర్వేషను, ఫీజు కట్టిన మేనమామ. "అదృష్టం" అనగానే వీళ్లందరినీ కొట్టేసినట్టే. "అంతా నా కష్టమే" అన్నా అంతే. అదే తెలివి, అదే కష్టం ఉండి వెలుగు పడని పిల్లలు పక్క వీధిలోనే ఉన్నారు. వాళ్లను చేతకానివాళ్లనే హక్కు ఉద్యోగం వచ్చినవాళ్లకు ఎక్కడిది?

కాబట్టి గెలిచినవారు గర్వపడకండి, ఓడినవారు తలరాత అనుకోకండి. మనం మరొకరికి ఒక కారణం కావచ్చు. దరఖాస్తు నింపిపెట్టడం, పాత పుస్తకాలు ఇవ్వడం, ఆఖరి తేదీ గుర్తుచేయడం, ఇవీ కారణాలే. ఈ ఆదివారం విహారంలో వందన అయ్యాక ఒక్కొక్కరూ చెప్పండి: నేను ఇంతవరకు రావడానికి కనపడకుండా పనిచేసినవాళ్లు ఎవరు? నేను ఎవరి కోసం పనిచేస్తున్నాను? రెండో ప్రశ్నకు జవాబు లేకపోతే సోమవారమే మొదలుపెడదాం.

జై భీమ్. నమో బుద్ధాయ.