అవతలి ఎండ్‌లో ఉన్నవాడు

ఒరేయ్ అల్లుడూ,

క్లబ్బు మారతానంటున్నావట, మీ అమ్మ చెప్పింది. కారణమూ చెప్పింది. నువ్వు అరవై కొట్టిన రోజే నీ స్నేహితుడు నూట ఇరవై కొడతాడు. పేపర్లో ఫొటో వాడిది, చివరి లైన్లో పేరు నీది. సెలెక్టర్లు వాడు అవుటయ్యేదాకా కుర్చీల్లోంచి కదలరు, ఆ తర్వాత టీ తాగడానికి లేస్తారు. అప్పుడు క్రీజులో ఉండేది నువ్వు. వాడు లేని టీమ్‌లో ఆడితే తప్ప నేనెవరి కంటా పడను అన్నావట.

అలాంటిదేం లేదురా అని నిన్ను బుజ్జగించను. ఉంది. ఈ ఆటలో మహామహులకే అది తప్పలేదు.

1971 వెస్టిండీస్ టూర్ గురించి అడిగితే ఎవరైనా టక్కున చెప్పేది గవాస్కర్ పేరు. తొలి సిరీస్‌లోనే, నాలుగే నాలుగు టెస్టుల్లో 774 పరుగులు. అక్కడివాళ్ళు అతని మీద కాలిప్సో పాట కూడా కట్టారు. మరి అదే సిరీస్‌లో 642 పరుగులు చేసినవాడెవరో చెప్పు చూద్దాం. దిలీప్ సర్దేశాయ్. గోవాలో పుట్టినవాడు. కింగ్‌స్టన్‌లో మొదటి టెస్టు, వేలి గాయంతో గవాస్కర్ ఆడలేదు. మనవాళ్ళు 75 పరుగులకే ఐదు వికెట్లు పోగొట్టుకున్నారు. అక్కడినుంచి సర్దేశాయ్ 212 కొట్టాడు. సోల్కర్‌ను పక్కన పెట్టుకుని స్కోరును 387 దాకా లాక్కొచ్చాడు. సోబర్స్ జట్టు ఫాలో ఆన్ ఆడాల్సి వచ్చింది. తర్వాత పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో 112, బ్రిడ్జ్‌టౌన్‌లో 150. ఆ పోర్ట్ ఆఫ్ స్పెయిన్ టెస్టే వెస్టిండీస్ మీద మన మొట్టమొదటి టెస్టు గెలుపు. దాంతోనే సిరీస్ కూడా మనదైంది. నన్నడిగితే ఆ టూర్‌లో మన జట్టుకు గుండెధైర్యం ఇచ్చింది కింగ్‌స్టన్ ఇన్నింగ్సే. అయినా యాభై ఏళ్ళు దాటాక జనం నోట మిగిలింది 774 ఒక్కటే. గవాస్కర్ ఎవరి దగ్గరా ఏదీ లాక్కోలేదు. జనానికి ఒక సిరీస్‌కి ఒక పేరే గుర్తుంటుంది, అంతే.

విశ్వనాథ్ సంగతి ఇంకో రకం. గవాస్కర్ ఆడిన రోజుల్లోనే ఆడాడు, అతని సోదరినే పెళ్ళి చేసుకున్నాడు. 1975 జనవరిలో చెపాక్‌లో వెస్టిండీస్ బౌలర్ ఆండీ రాబర్ట్స్ ఏడు వికెట్లు పడగొడుతుంటే, 190కి ముగిసిన ఇన్నింగ్స్‌లో ఇతను 97 నాటౌట్. మనం గెలిచాం. వందకు మూడు తక్కువైన ఆ ఇన్నింగ్స్ గురించి మద్రాసు పాతతరం వాళ్ళు ఇప్పటికీ ఎన్నో సెంచరీల కంటే ఎక్కువగా చెప్పుకుంటారు. మరుసటి ఏడాది పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో 403 ఛేదించినప్పుడు గవాస్కర్ 102, విశ్వనాథ్ 112. చివరకు ఎవరి బొమ్మ గోడలకెక్కిందో నీకు తెలుసు. కానీ గవాస్కర్ కొడుకు పూర్తి పేరు ఎప్పుడైనా విన్నావా? రోహన్ జైవిశ్వ. రోహన్ కన్హాయ్ నుంచి మొదటిది, మన హైదరాబాద్ జయసింహ నుంచి ‘జై’, విశ్వనాథ్ నుంచి ‘విశ్వ’. తన బిడ్డకు పేరు పెట్టుకునేంతగా మెచ్చుకున్నాడంటే, విశ్వనాథ్ ఏపాటి ఆటగాడో అందరికంటే దగ్గరగా చూసింది అవతలి ఎండ్‌లో నిలబడ్డవాడే. బ్రాడ్‌మన్ కూడా అంతే. 1938లో ట్రెంట్ బ్రిడ్జ్‌లో స్టాన్ మెక్‌కేబ్ 232 కొడుతుంటే, లోపల కూర్చున్న తన ఆటగాళ్ళను బాల్కనీలోకి పిలిచి, ఇలాంటిది మళ్ళీ చూడలేరు, వచ్చి చూడండి అన్నాడు.

అందుకే ఒక మాట అడుగుతాను. నీ స్నేహితుడు నీ గురించి ఏమంటున్నాడో ఎప్పుడైనా విన్నావా? వాడు డ్రెస్సింగ్ రూమ్‌లో నీ డిఫెన్స్ గురించి చెబుతుంటే నేను విన్నాను. సెలెక్టర్ల టీ సంగతి తర్వాత.

ద్రావిడ్ దగ్గరకు వస్తాను. నీకు అసలు చెప్పాలనుకున్నది అతని గురించే. 1996లో లార్డ్స్‌లో తొలి టెస్టు ఆడి 95 కొట్టాడు. అదే టెస్టుతో మొదలుపెట్టిన గంగూలీ 131. 1999 వరల్డ్ కప్‌లో టాంటన్‌లో శ్రీలంక మీద ఇద్దరూ కలిసి 318 జోడించారు, గంగూలీ 183, ద్రావిడ్ 145. అదే ఏడాది నవంబర్లో మన ఎల్బీ స్టేడియంలో న్యూజిలాండ్ మీద సచిన్‌తో 331. సచిన్ 186 నాటౌట్, ద్రావిడ్ 153. ఆ రోజు నేను స్టాండ్‌లోనే ఉన్నాను. అరిచింది సచిన్ పేరు, నేనూ అరిచాను. 2001 కోల్‌కతాలో ఆస్ట్రేలియా మీద లక్ష్మణ్ 281, ద్రావిడ్ 180. చూశావా, నాలుగు చోట్లా రెండో పేరే. ఇంకోటి కూడా విను. ద్రావిడ్ వన్‌డౌన్, సచిన్ ఆ తర్వాత. మన గ్రౌండ్లలో ద్రావిడ్ అవుటైతే మనవాళ్ళే చప్పట్లు కొట్టేవాళ్ళు, సచిన్ వస్తున్నాడని! సొంత జనం తన వికెట్ కోసం ఎదురుచూస్తుంటే అదే మూడో స్థానంలో ఏళ్ళ తరబడి ఆడటమంటే ఎలా ఉంటుందో ఊహించు.

అతనేం చేశాడు? బంతులు ఆడాడు. టెస్టుల్లో 31,258 బంతులు ఎదుర్కొన్నాడు, ప్రపంచంలో ఇంకెవరూ అన్ని ఆడలేదు. 164 టెస్టుల్లో 13,288 పరుగులు, 36 సెంచరీలు. 2011లో ఇంగ్లండ్ టూర్‌లో దేశమంతా సచిన్ నూరో సెంచరీ లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. నాలుగు టెస్టులూ ఓడిపోయాం. ఆ సిరీస్‌లో ముప్పై ఎనిమిదేళ్ళ ద్రావిడ్ మూడు సెంచరీలు కొట్టాడు. ఓవల్‌లో ఓపెనర్‌గా దిగి, పదిమందీ వెళ్ళిపోయినా 146తో నాటౌట్‌గా మిగిలాడు. మొత్తం 461 పరుగులు. 1999 వరల్డ్ కప్‌లో అందరికంటే ఎక్కువ పరుగులు చేసినప్పుడూ సరిగ్గా 461. ఇలాంటి తమాషాలు ఈ ఆటలోనే కనపడతాయి.

అయితే ద్రావిడ్‌ని చూపించి, ఇచ్చిన చోటల్లా నోరు మూసుకుని ఆడమని చెబుతున్నానని అనుకోకు. అతను జట్టు అడిగితే వన్డేల్లో కీపింగ్ గ్లవ్స్ కూడా తొడుక్కున్నాడు, 2003 వరల్డ్ కప్ అంతా కీపరే. అది అతని దారి. మన లక్ష్మణ్ వేరే దారి పట్టాడు. మధ్యలో ఆడే కుర్రాణ్ణి తీసుకెళ్ళి ఏళ్ళపాటు ఓపెనింగ్‌లో దింపారు. 2000 జనవరిలో సిడ్నీలో ఓపెనర్‌గా 167 కొట్టాడు కూడా. అయినా జట్టులో నిలకడ లేదు. అప్పుడు తేల్చుకున్నాడు, ఇక ఓపెనింగ్ చేయను అని. టీమిండియాలో చోటు పోతుందని తెలిసే అన్నాడు. ఆ 1999-2000 రంజీ సీజన్‌లో హైదరాబాద్‌కు 1,415 పరుగులు చేశాడు, ఎనిమిది సెంచరీలు, కర్ణాటక మీద 353 వాటిలో ఒకటి. తర్వాత కోల్‌కతా వచ్చింది. ఫాలో ఆన్ ఆడుతూ 274 పరుగులు వెనకబడ్డ జట్టులో అతన్ని మూడో స్థానానికి పంపారు, ద్రావిడ్‌ని ఆరుకి దించారు. నాలుగో రోజు పొద్దున మొదలుపెట్టి సాయంత్రం దాకా ఇద్దరూ అవుట్ కాలేదు, ఆ ఒక్క రోజే 335 పరుగులు. అడిలైడ్‌లో 2003లో లెక్క తిరగబడింది. ద్రావిడ్ 233, లక్ష్మణ్ 148, ఇద్దరి మధ్య 303.

లక్ష్మణ్‌కు అన్నీ దక్కాయా అంటే, లేదు. 134 టెస్టులు ఆడినవాడు ఒక్క వరల్డ్ కప్ మ్యాచ్ ఆడలేదు. అది అన్యాయమే, నేను ఇప్పటికీ ఒప్పుకోను. మీ అత్తయ్య దగ్గర ఈ మాటెత్తితే అన్నం చల్లారిపోయేదాకా వాదిస్తుంది.

ఇప్పుడు నీ సంగతి. మొన్నటి మ్యాచ్‌లో అరవై మీద ఉండి లెఫ్టార్మ్ స్పిన్నర్‌ని ముందుకొచ్చి గాల్లోకి లేపావు. ఆ షాట్ నీది కాదు. అంతకు ముందు ఓవర్లో నీ స్నేహితుడు అలాగే సిక్స్ కొట్టాడు, నువ్వు వాడికి జవాబు చెప్పబోయావు. బౌలర్‌కి చెప్పాల్సిన జవాబు పార్ట్‌నర్‌కి చెప్పడం నీకున్న ఒకే ఒక్క జబ్బు. క్లబ్బు మారితే అది పోదు, నీతోనే కిట్ బ్యాగులో వస్తుంది.

పైగా వాడు అవతల ఉండటం వల్ల నీకు దక్కుతున్నది నువ్వు లెక్క కట్టుకోలేదు. వాడు స్ట్రైక్‌లో ఉంటే కెప్టెన్ ఫీల్డర్లను బౌండరీకి పంపుతాడు. సింగిల్ తీసి నువ్వొచ్చేసరికి సగంమంది ఇంకా అక్కడే ఉంటారు, నీకు రెండేసి పరుగులు దొరుకుతాయి. వాళ్ళ బెస్ట్ బౌలర్‌ని వాడి కోసం అట్టేపెడతారు. రెండో రకం బౌలింగ్ నీ వాటాకి వస్తుంది. నాన్ స్ట్రైకర్ ఎండ్‌లో నిలబడి స్కోరుబోర్డు చూడటం మానెయ్. బౌలర్ చేతిని చూడు. బంతి ఏ వేళ్ళ మధ్య నుంచి వదులుతున్నాడో అక్కడి నుంచి కనపడినంత బాగా ఇంకెక్కడి నుంచీ కనపడదు. గ్యాలరీలో టికెట్ కొన్నవాడికి దొరకని చోటు అది.

వాడు సెంచరీ కొట్టినప్పుడు ముందుగా చేరేది నువ్వే కదా, మనస్ఫూర్తిగా కౌగిలించుకో. కడుపులో మంట పెట్టుకుని నవ్వితే అందరికీ తెలిసిపోతుంది, ముందు వాడికే తెలుస్తుంది. అసూయ రాకుండా ఉండదు, నీ వయసులో నాకూ వచ్చింది. వస్తే రానీ, దాన్ని బ్యాట్‌లోకి మాత్రం దిగనివ్వకు.

ఒక పని మాత్రం చెయ్యి. నిన్ను కోచ్ ఒక మ్యాచ్‌లో ఓపెనర్‌గా, ఇంకో మ్యాచ్‌లో ఆరో నంబరుగా దింపుతున్నాడు. దానికి తలూపుతూ పోవడం మంచితనం కాదు. నీ ఆట పాత బంతికి, స్పిన్‌కి కుదిరిన ఆట, నాకు తెలిసి నీ చోటు నాలుగు. ఈ రెండు నెలల సెలవుల్లో లోకల్ మ్యాచ్‌లు దొరికినన్ని ఆడు, నాలుగో స్థానంలోనే ఆడు, పరుగులు చెయ్యి. చేశాక కోచ్ దగ్గరికి వెళ్ళి, సార్, నేను నాలుగులో ఆడతాను అని మర్యాదగా, సూటిగా అడుగు. పరుగులు చేయకముందు అడగకు. కాదంటే అప్పుడు నాకు ఫోన్ చెయ్యి, క్లబ్బు సంగతి మాట్లాడదాం.