వేకువ ప్రార్థనకు రానివారు

మా దూలపల్లి సంఘములో శ్రమదినముల కాలమున తెల్లవారుజామున అయిదు గంటలకు ప్రార్థన కూడిక జరుగును. దానికి ఎన్నడును రాని వృద్ధురాలు ఒకామె ఉన్నది. ఆదివారపు ఆరాధనకు వచ్చియు, ప్రసంగము మొదలు కాగానే గోడకు ఆనుకొని నిద్రపోవు యౌవనస్థుడు ఒకడున్నాడు. ఒక ఆదివారమున నేను చీమను గూర్చియు సోమరిని గూర్చియు ప్రసంగించితిని. పేర్లు చెప్పలేదు, చెప్పవలసిన పనియు లేకపోయెను. అందరి కన్నులు ఎటు తిరిగెనో చూచితిని; చూచి లోలోపల సంతోషించితినని ఒప్పుకొనుచున్నాను.

ఆ వారములోనే ఆ తల్లి నన్ను పిలిపించి, “పొద్దుగాల లేస్తే నా చేతులు నావి గావు అయ్యగారూ. పొయ్యి ముట్టియ్యరాదు, చీర గట్టుకోరాదు. ఎండ ఎక్కినంక మంచిగైతయి” అనెను. ఆమెకు కీళ్లవాతమున్నదని నాకు తెలియును. అయినను నా మనస్సు ఒప్పలేదు. తొమ్మిది గంటలకు పనిచేయు చేయి అయిదు గంటలకు ఎందుకు పనిచేయదు? రోగమునకు గడియారము తెలియునా?

తెలియును, చదువరులారా. అది తెలిసికొనుటకు నాకు చాల కాలము పట్టినది.

మన బాటల ప్రక్కనుండు నిద్రగన్నేరు ప్రొద్దు గ్రుంకగానే ఆకులు ముడుచుకొనును. చింతచెట్టును అంతే. వెలుగు పోయినందున ముడుచుకొనుచున్నదని మనమనుకొందుము. 1729లో ద మెరాన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అత్తిపత్తివంటి మొక్కను చీకటిలో ఉంచి చూచెను. సూర్యుని చూడకయే అది వేళకు ఆకులు విప్పెను, వేళకు ముడుచుకొనెను. వేళ దానిలోపలనే ఉన్నదన్నమాట. మనలోను ఉన్నది. మెదడు అడుగున, కంటినరములు కలిసికొను చోటికి కొంచెము పైన, సుమారు 20,000 కణముల చిన్న గుంపు మన పగటిని రాత్రిని లెక్కించుచుండును. కంటిలో పడు వెలుగునుబట్టి అది ప్రతిదినము తన్ను సరిచేసికొనును. ఇట్టి గడియారము కణములో ఎట్లు నడుచునో చిన్న ఈగలలో కనుగొనిన హాల్, రాస్‌బాష్, యంగ్ అను మువ్వురికి 2017లో నోబెల్ బహుమానము వచ్చెను. మెదడులో మాత్రమే కాదు, కాలేయములోను, రోగముతో పోరాడు తెల్లకణములలోను అట్టి గడియారములున్నవి.

ఇప్పుడు ఆ తల్లి చేతుల సంగతి. ఎరుపు, వాపు, వేడి, నొప్పి: ఈ నాలుగును లోపలి మంటకు గురుతులని రోమావాడైన సెల్సస్ దాదాపు రెండువేల యేండ్ల క్రిందటనే వ్రాసెను. ఈ మంట మనకు మేలు కొరకే ఉన్నది. ముల్లు గ్రుచ్చుకొన్నప్పుడు అది లేకున్న బ్రదుకము. కాని కీళ్లవాతములో అది శత్రువు లేనిచోట రగులుచుండును. రాత్రివేళ దానిని అణచు కార్టిసాల్ అను రసము రక్తములో మిక్కిలి తగ్గిపోవును, తెల్లవారుజామున మరల పెరుగును. ఆ లోపల మంటను రేపు ఇంటర్‌ల్యూకిన్-6 వంటి పదార్థములు ఆ రోగులలో రాత్రి రెండవ భాగమున పెరిగి వేకువకు నిండుకొనును. కనుక మనము పాట ఎత్తుకొను గడియయే ఆమె కీళ్లు బిగిసిపోవు గడియ. 2008లో ప్రకటింపబడిన ఒక పరీక్షలో, పడుకొనునప్పుడు మ్రింగినచో రాత్రి రెండు గంటల ప్రాంతమున లోపల విడుదలగునట్టి ప్రెడ్నిసోన్ మాత్ర ఇచ్చిరి. అదే మందును ఉదయమున మ్రింగినవారికంటె వీరికి ఉదయపు బిగువు తక్కువాయెను. మందు మారలేదు, మోతాదు మారలేదు; వేళ మారినది.

దీనికి రెండవ ప్రక్కయు ఉన్నది. గడియారము మంటను నడిపించుటయే కాదు, మంట గడియారమును చెరుపును. వాపును పుట్టించు టి.ఎన్.ఎఫ్. అను పదార్థము కణములలోని గడియారపు జన్యువులను అణచునని ప్రయోగములలో తేలినది. రోగి పగలు కునుకుచు రాత్రి మేలుకొనియుండుట మనమందరము ఎరిగినదే. అది వాని మనస్సు బలహీనతయని చెప్పుట సులభము.

గోడకు ఆనుకొను ఆ పిల్లవాని కథ ఇక్కడనే ఆరంభమగును. అతడు జీడిమెట్లలో ఒక మందుల కార్ఖానాలో పనిచేయును. రసాయనము కాగుచున్న పెద్దపాత్రను రాత్రి అయినదని ఆర్పివేయ వీలులేదు. వారము మార్చి వారము అతనికి నైటు డ్యూటీ పడును. ఆదివారము తెల్లవారి ఇల్లు చేరి, స్నానము చేసి, తిన్నగా ఆరాధనకు వచ్చుచున్నాడు. ఒక ప్రయోగములో ఎలుకలకు వెలుగు చీకటి వేళలను మాటిమాటికి ముందుకు జరుపుచు వచ్చిరి. అటుతరువాత క్రిమివిషము ఎక్కించగా వాటికి మంట మితిమీరి లేచినది, ఎక్కువ ఎలుకలు చచ్చినవి. మనుష్యుల విషయములో, రాత్రి పని క్యాన్సరును కలిగింపవచ్చునని 2007లోను, మరల 2019లోను ప్రపంచ ఆరోగ్య సంస్థయొక్క క్యాన్సరు పరిశోధనా విభాగము హెచ్చరించెను.

ఆ తల్లి వారమునకొకసారి మ్రింగు మెథోట్రెక్సేటు, భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లే సంస్థలో నడిపిన పరిశోధనలనుండి వెలువడిన మందు. ఆమె మాత్ర ఆ పిల్లవాని కార్ఖానాలోనిదే అని నేననను. అయితే అట్టి కార్ఖానాలోనిదే; ఎవరో ఒక తల్లి బిడ్డ రాత్రి మేలుకొని చేసినదే. ఒకరి మంట చల్లారుటకు మరియొకని గడియారము చెడుచున్నది. ఇట్టివానికి నేను చీమను చూపించితిని.

కొందరు పెద్దలు నాతో వాదించిరి: “ఇట్లయితే సోమరితనమను పాపమే లేదందురా? ప్రతివాడును నా గడియారమిట్లున్నదనును గదా!” వాదములో బలమున్నది. సోమరితనమున్నది, అది పాపమే. కాని దానిని లేచిన గంటనుబట్టి కొలువవచ్చునని నేను ఇక నమ్మను. నాలుగింటికి లేచి పొరుగువాని భారము వ్రేలితోనైనను ముట్టనివారిని నేనెరుగుదును (అద్దములోను ఒకనిని చూచితిని).

త్రోయలోని మేడగదిలో అనేక దీపములు వెలుగుచుండగా పౌలు అర్ధరాత్రివరకు ప్రసంగించెను. ఐతుకు కిటికీలో నిద్రపోయి మూడవ అంతస్థునుండి పడెను. అపొస్తలుడు దిగివెళ్లి అతనిని కౌగిలించుకొనెను. నిద్రనుగూర్చి ఒక్క గద్దింపుమాటయైనను అక్కడ వ్రాయబడలేదు. దినవృత్తాంతముల మొదటి గ్రంథములో, రాత్రింబగళ్లు తమ పనిమీదనుండిన దేవాలయపు గాయకులను ఇతర సేవలనుండి విడిపించినట్లు చదువుచున్నాము. రాత్రి పనిచేయువానికి పగటి భారము తగ్గింపవలెనని నాటి యాజకులకు తోచినది.

ఇదంతయు చెప్పి పోయిన నెల సంఘపెద్దల యెదుట రెండు మాటలు పెట్టితిని. కీళ్లవాతముగలవారి కొరకు వేకువ కూడికతోపాటు పది గంటలకు ఆ తల్లి ఇంటిలోనే మరియొక కూడిక. దీనికి అందరును ఒప్పుకొనిరి. రెండవది గుడిమీది మైకు గొట్టము తీసివేయుట. నైటు డ్యూటీ దిగి వచ్చినవారు మన వీధిలో పదిమందికి తక్కువ లేరు. వారు కిటికీలకు నల్లగుడ్డ కట్టుకొని కన్నుమూయు వేళకే మన మైకు మొదలగును. ఇందుమీద పెద్ద చర్చ జరిగినది. సువార్త వినబడకపోవునని ఒకరు, ఇతరుల మైకులు ఆగినవా అని ఒకరు అనిరి. తీర్మానము కాలేదు.

గొట్టము ఇంకను పైననే ఉన్నది. మొన్నటి ఆదివారము నేను దాని మీట నొక్కలేదు. ఆ పిల్లవాడు ఎప్పటివలెనే గోడకు ఆనుకొని నిద్రపోయెను. ప్రక్కనున్న అన్న అతనిని మోచేతితో పొడువబోగా, వద్దని చేయి చూపి, నేను కొంచెము గొంతు తగ్గించి చదువసాగితిని.