పాతాళగంగ యెవరి సొత్తు?

ఆకలిగొన్నవానికి వేదాంతము బోధించుటకు ముందు అన్నము పెట్టవలెనని స్వామి వివేకానందులు పలుమార్లు హెచ్చరించియున్నారు. కావున దేశసంపదను పెంపొందించు యత్నమును ఆధ్యాత్మికత పేరిట నిరసించుట తగదు. 1966లో భారతదేశము సుమారు కోటి టన్నుల ధాన్యమును విదేశములనుండి తెప్పించుకొనవలసి వచ్చెను. ఆ దైన్యమును తొలగించినవారిలో పంజాబు కర్షకులు అగ్రగణ్యులు. మేలైన వంగడములు, రసాయనపుటెరువులు, గొట్టపుబావులు వారికి సాధనములయ్యెను. అది నిస్సంశయముగ అన్నదానమే.

అయితే ఆ దానము వెనుక మరియొక లెక్క కలదు. వరియన్నము పంజాబు ప్రజల ప్రధానాహారము కాదు. అచ్చట పండిన వడ్లలో అధికభాగమును ప్రభుత్వము సేకరించి ఇతర రాష్ట్రములకు పంపుచున్నది. వానలును కాలువలును ఏటేట భూమిలోనికి ఇంకించు నీటికి ఒకటిన్నర రెట్లు మించి అచ్చట నీరు తోడబడుచున్నది. నియమితదినమునకు ముందు వరినాట్లు వేయరాదని 2009లో శాసనము చేసినను, నీటిమట్టము దిగిపోవుట ఆగలేదు.

ఇచట ధర్మసందేహము కలుగును. ఆకలి తీర్చుట పుణ్యమైనచో, అదే కార్యము దోషమెట్లగును? ఏటేట చేరు నీరు వడ్డి వంటిది. దానిని వినియోగించుకొను హక్కు మనకు కలదు. తరతరములుగ భూగర్భమున నిలిచిన నీరు మూలధనము. అందు ఇంకను జన్మింపనివారికిని భాగము కలదు. కాని తమ భాగమును అడుగుటకు వారికి నోరు లేదు. పొందినదానికి బదులు సమర్పింపక అనుభవించువాడు దొంగయని గీత తృతీయాధ్యాయము చెప్పుచున్నది. ఆ మాట వ్యక్తికివలెనే జాతికిని వర్తించును.

అట్లని యీ దోషమును రైతు నెత్తిన రుద్దుట అన్యాయము. వరికి, గోధుమకు మద్దతుధరను నిర్ణయించి నిశ్చయముగ కొనుచున్నదియు, మోటారులకు ఉచితముగ విద్యుత్తు నిచ్చుచున్నదియు ప్రభుత్వములే. ఆ బియ్యమును భుజించినది మనము. ఋణము అందరిదైనపుడు, నష్టమును ఒక్కనిచే భరింపజేయుట ధర్మము కాదు. మొక్కజొన్నలు, పప్పుధాన్యములు పండించు రైతునకును అంతే నిశ్చయముగ కొనుగోలు లభింపవలెను. అందులకగు వ్యయమును మనము సంతోషముతో పంచుకొనవలెను. విస్తరిలో మెతుకు పారవేయకుండుటయు అందు భాగమే. నేటి గృహస్థునకు ఇదియే యజ్ఞము.

త్యాగమనగా దారిద్ర్యమును వరించుట కాదు. తన భాగమెంతయో యెరిగి, దానిని మించి చేయి చాపకుండుట. మన మనుమలు బావిలో చేద వేసినపుడు నీరు అందునా, లేదా యను ప్రశ్నను ముందుంచుకొని చేయు అభివృద్ధియే ధర్మసమ్మతమగును.