మంచి రోజుల్లోనే పుట్టే మొండి బాకీ

అప్పు మొండిబారేది చెడ్డ రోజుల్లో. దానికి బీజం పడేది మాత్రం అంతా కళకళలాడుతున్నప్పుడే. స్థలాల ధరలు పెరుగుతుంటాయి, వాయిదాలు వేళకు వస్తుంటాయి, శాఖ మేనేజరు మీద పైనుంచి లక్ష్యాల ఒత్తిడి ఉంటుంది. ఆ ఊపులో ఇచ్చిన అప్పులే నాలుగైదేళ్ల తర్వాత బ్యాంకు మెడకు చుట్టుకుంటాయి. మన దేశపు మొండి బకాయిల్లో పెద్ద భాగం 2006-08 మధ్య, వృద్ధి ఉరకలేస్తున్న కాలంలో ఇచ్చిన అప్పులదేనని రిజర్వు బ్యాంకు మాజీ గవర్నరు రఘురామ్ రాజన్ 2018లో పార్లమెంటు అంచనాల సంఘానికి రాసి ఇచ్చారు. ఆ ఏడాది మార్చి నాటికి స్థూల మొండి బకాయిలు మొత్తం అప్పుల్లో 11.2 శాతానికి చేరాయి. ఇలా జరుగుతుందని బ్యాంకర్లకు తెలియకపోలేదు. మరి తెలిసిన నష్టాన్ని తెలిసిన రోజునే లెక్కలో ఎందుకు రాసుకోరు? పైకి ఇది ఖాతా పుస్తకాల సంగతిలా కనిపిస్తుంది. నాకు మాత్రం, ఇంకా కనబడని కష్టాన్ని మనిషి ఎంతవరకు నిజమని నమ్మగలడు అన్న ప్రశ్నగా తోస్తుంది.

పది లక్షల అప్పునే తీసుకోండి. ఏళ్ల తరబడి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం, సక్రమంగా నడుస్తున్న సాధారణ అప్పుకు, రాగల నష్టం కోసం బ్యాంకు ముందుగా పక్కన పెట్టాల్సిన కేటాయింపు 0.40 శాతం, అంటే 4,000 రూపాయలు. వ్యవసాయానికో చిన్న పరిశ్రమకో ఇచ్చినదైతే 2,500. వాయిదా 90 రోజులు దాటితే, స్వల్పకాలిక పంట రుణమైతే రెండు పంట కాలాలు దాటితే, ఆ ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది. అప్పుడు లాభంలోంచి ఒక్కసారిగా కనీసం 1,50,000 తీసిపెట్టాలి. మరో ఏడాదికి అది సందేహాస్పద ఖాతా. తనఖా ఉన్న భాగానికి కూడా 25 శాతం, తర్వాత 40, చివరికి మొత్తం కేటాయించాలి. తొంభయ్యో రోజుకూ తొంభై ఒకటో రోజుకూ మధ్య అప్పు తీసుకున్నవాడి బతుకులో కొత్తగా ఏమీ జరిగి ఉండదు. దుకాణంలో బేరాలు పడిపోయి ఏడాది అయి ఉంటుంది, భార్య గాజులు ఎప్పుడో కుదువకు వెళ్లి ఉంటాయి. ఆ ఏడాది పొడవునా పుస్తకంలో అతనిది మంచి ఖాతాయే.

2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మరుణ సంస్థలు చూపించిన వసూళ్లు దాదాపు నూటికి నూరు. ఒక కంపెనీ వారపు కిస్తీ కట్టడానికి ఇంకో కంపెనీ దగ్గర అప్పు తెచ్చే మహిళ, రెండు కంపెనీల లెక్కల్లోనూ ఆదర్శ రుణగ్రహీతే. అక్టోబరులో ఆ వసూళ్లను కట్టడి చేస్తూ రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చాక వసూళ్లు కుప్పకూలాయి. వేళకు కిస్తీ వచ్చిందంటే ఆ ఇల్లు బాగున్నట్టేనా? లెక్క ఆ ప్రశ్న ఎన్నడూ అడగలేదు.

నష్టం కనబడ్డాకే రాయాలన్న పద్ధతికి ఇంకో దోషం ఉంది. కష్టకాలంలో వేల ఖాతాలు ఒకేసారి చెడతాయి, కేటాయింపులన్నీ ఒకేసారి మీద పడతాయి. లాభం ఆవిరై మూలధనం తరిగేసరికి బ్యాంకు కొత్త అప్పులు ఆపేస్తుంది. అలా చెడని వ్యాపారాలు కూడా చెడతాయి.

అయితే ముందే దాచిపెట్టనీయవచ్చు కదా? అమెరికాలో అట్లాంటాకు చెందిన సన్‌ట్రస్ట్ బ్యాంకు 1994-96 సంవత్సరాల్లో అవసరానికి మించి కేటాయించిందని అక్కడి సెక్యూరిటీస్ కమిషన్ అభ్యంతరం చెప్పింది. 1998లో ఆ బ్యాంకు తన కేటాయింపులను పది కోట్ల డాలర్ల మేర తగ్గించి లెక్కలు తిరగరాయాల్సి వచ్చింది. కమిషన్ భయం వట్టిది కాదు. ముందుచూపు పేరుతో లాభాన్ని దాచి, కావలసిన ఏడాది బయటికి తీసి, అంతా సాఫీగా ఉన్నట్టు వాటాదారులకు చూపించవచ్చు. జాగ్రత్తపరుడూ మాయ చేసేవాడూ పుస్తకంలో రాసే పద్దు ఒక్కటే. బయటివాళ్లు ఆ ఇద్దరినీ ఎలా వేరు చేస్తారు?

స్పెయిన్ దీనికి ఒక దారి వెతికింది. 2000 జూలై నుంచి అక్కడి కేంద్ర బ్యాంకు, కేటాయింపులను బ్యాంకర్ల ఇష్టానికి వదలకుండా గత అనుభవపు సగటుకు కట్టింది. మంచి ఏళ్లలో నష్టం ఆ సగటు కన్నా తక్కువ వస్తే, ఆ తేడాను నిధిలో వేయాలి. చెడ్డ ఏళ్లలో అందులోంచి తీసుకోవచ్చు. మొండి బకాయిలు ఒక శాతం లోపే ఉన్న రోజుల్లో ఈ నియమాన్ని నిలబెట్టడానికి చాలా ధైర్యం కావాలి. ఆ పని చేసినవారంటే నాకు నిజమైన గౌరవం. కానీ 2008 తర్వాత ఇళ్ల ధరలు కూలి, నిరుద్యోగం 26 శాతానికి ఎక్కి, 2013 చివరికి మొండి బకాయిలు 13 శాతం దాటాయి. తొలి దెబ్బ కాచిన నిధి ఆ తర్వాత చాలలేదు. 2012లో బాంకియా అనే బ్యాంకును ప్రభుత్వం చేతుల్లోకి తీసుకుంది, బ్యాంకుల కోసం ఐరోపా నుంచి దాదాపు 4,100 కోట్ల యూరోలు తెచ్చుకుంది. గతపు సగటులో లేని విపత్తును సగటు ఎలా ఊహిస్తుంది?

నా మనసు ఎక్కువగా ఆగేది మాత్రం అక్కడి ఇళ్ల దగ్గర. స్పెయిన్ చట్టం ప్రకారం తనఖా ఇంటిని బ్యాంకు స్వాధీనం చేసుకున్నా అప్పు తీరిపోదు. వేలంలో వచ్చింది పోగా మిగిలిన బాకీ మనిషిని వెంటాడుతూనే ఉంటుంది. 2009లో బార్సిలోనాలో తనఖా బాధితులు సంఘటితమయ్యారు. జప్తును అడ్డుకునే అవకాశం ఇవ్వని ఆ దేశపు విధానం వినియోగదారుల రక్షణకు విరుద్ధమని 2013 మార్చిలో ఐరోపా న్యాయస్థానం తీర్పు చెప్పింది. బ్యాంకుకు పడిపోతే పట్టుకోడానికి నిధి ఉంది, దాని వెనక ప్రభుత్వం ఉంది, ఆ వెనక ఐరోపా ఉంది. రెండు పెట్టెలతో వీధిలో నిలబడ్డ కుటుంబానికి ఏముంది?

ఒకటి ఆలోచించండి. యాభై మందికి అప్పు ఇచ్చేటప్పుడు అందులో ఒకరు పడిపోతారని బ్యాంకు లెక్కగడుతుంది. ఎవరో తెలియదు కాబట్టి ఆ నష్టాన్ని అందరి వడ్డీలోనూ కొంచెం కొంచెం కలుపుతుంది. పడిపోయేవాడు కూడా పడేదాకా ఆ వడ్డీ కట్టినవాడే. తన పతనానికి తాను కూడా ముందే చందా ఇచ్చాడన్నమాట. మన దగ్గర అతని బాకీని బ్యాంకు పుస్తకాల్లోంచి కొట్టేశాక (రైట్ ఆఫ్) కూడా వసూలు మనిషి అతని గుమ్మం ఎక్కుతూనే ఉంటాడు. బ్యాంకుకు ఆ హక్కు ఎక్కడిది? దీనికి గట్టి జవాబే ఉందని ఒప్పుకుంటాను: అది డిపాజిటర్ల సొమ్ము, సులువుగా వదిలేస్తే రేపు నిజాయతీగా కట్టేవాడి మీద వడ్డీ పెరుగుతుంది. కానీ ఆ జవాబు ఎంతకాలం చెల్లుతుంది? మూడేళ్లా, పదేళ్లా, కొడుకు తరం దాకానా?

మన దివాలా స్మృతి 2016లో వచ్చింది. కంపెనీల భాగం ఆ ఏడాదే మొదలైంది. ఏడాదికి 60,000 రూపాయలకు మించని ఆదాయం ఉన్న, సొంత ఇల్లు లేని, 35,000కు మించని అర్హమైన అప్పులున్న మనిషి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేందుకు అదే చట్టంలో ఒక అధ్యాయం రాసిపెట్టారు. చట్టం వచ్చాక ఎన్నో ఏళ్ల దాకా దాన్ని అమల్లోకి తేలేదు.